గ్లాసా, అద్దమా

గుండ్రటి దాన్ని నిలబెడితే దొర్లుతుంది, పడుకోబెట్టాల్సిందేనని బండి నడిపే రామస్వామి తేల్చేశాడు. అందుకని టేబుల్ మీదకు కావలసిన ఆ గుండ్రటి అద్దం ట్రాలీ ఆటో వెనక, ఇంటి నుంచి మోసుకొచ్చిన పాత పరుపు మీద, ఒళ్ళంతా న్యూస్ పేపర్లు చుట్టుకొని జ్వరమొచ్చిన పిల్లలా వెల్లకిలా పడుకుంది. దాని పక్కన కొంగు నడుములో దోపుకొని, కాళ్ళు ముడుచుకొని, ఒక చెయ్యి దాని మీద వేసి సుమలత కూర్చుంది. ముందు సీట్లో కూర్చోమని రామస్వామి చెప్పి చూశాడు, ఎండ తగులుతుందన్నాడు, పోలీసోళ్ళు చూస్తే లొల్లి అన్నాడు. ఆమె వింటేనా? పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఈ ఏడాదిలో తనంతట తాను నోరు తెరిచి, నేను తెస్తా, అని అడిగి తీసుకున్న పని ఇదొక్కటే. అలాంటిదాన్ని వెనక ఒంటరిగా వదిలి ముందు కూర్చుంటే ప్రతి గుంతకూ ప్రాణం వెనక్కి లాగుతుంది, అంతకంటే ఎండే నయం. ఇంతకీ ఎండ ఎక్కడుంది, బండి దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దాటి మెట్రో నీడలోకి వచ్చేసింది. పైన వంతెన, కింద నీడ, నీడలో బండ్లు, బండ్ల మధ్య దూరి జామకాయలు అమ్మేవాళ్ళు, ఉప్పూ కారం అద్దిన జామముక్క వాసన. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదన్న సంగతి కడుపు గుర్తు చేసింది, ఆగు ఆగు, ఇంటికి పోయి తిందాం, ఇవాళ టేబుల్ మీద తిందాం అని కడుపుకు సర్దిచెప్పింది.

ఈ రోడ్డు ఆమెకు పుట్టిల్లు లాంటిదే. అదుగో ఆ సందు మొగలో, ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం వెలిసిన చోటే, అప్పట్లో మ్యాచింగ్ సెంటరు ఉండేది. అందులో జాకెట్టు ముక్కలు చించి ఇస్తూ ఆమె వయసంతా గడిచింది. చీర కొంగు కొసన ఇంత చూపిస్తే చాలు, గోడ నిండా ఉన్న రంగుల్లోంచి సరిగ్గా దాని జతను లాగి బల్ల మీద పడేసేది. ఇది చిలకపచ్చ కాదక్కా, చిలక ముసలిదైనంక ఒచ్చే పచ్చ, అనేది, ఆడవాళ్ళు పకపకా నవ్వి ముక్కతో పాటు ఫాల్స్ కూడా కొనుక్కుని పోయేవాళ్ళు. నోటి దురుసు కాదు, నోటి సరదా. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళ కోసం తన పెళ్ళిని వెనక్కి జరుపుకుంటూ వచ్చిన మనిషికి ఆ మాత్రం సరదా అయినా ఉండొద్దూ. ఆ నోరే పెళ్ళి కూడా చేసి పెట్టింది. షట్టరు పాడైతే వెల్డింగు చేయడానికి ఎల్‌బీనగర్ నుంచి బాలరాజ్ వచ్చాడు. షట్టరు బాగయ్యాక కూడా షట్టరు ఎట్లుందో చూసి పోదామని వచ్చాడు, మళ్ళీ వచ్చాడు. షట్టర్‌ను చూస్తున్నవా నన్ను చూస్తున్నవా అని ఆమే అడిగేసింది. ఆయన నవ్వలేదు. చేతిలో ఉన్న సుత్తెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకొని, నాకొక బిడ్డ ఉన్నది, అన్నాడు. మొదటి మాట అదే. భార్య పోయిందని కాదు, ఒంటరిగా ఉన్నానని కాదు, బిడ్డ ఉన్నదని. ఆ ఒక్క మాటకే సుమలత మనసు పడిపోయింది, పడిపోయాను అని ఇప్పటికీ ఆయనతో అనలేదు, అంటే మళ్ళీ సుత్తెలు మార్చుకుంటాడు.

"అమ్మా, గుంత ఒస్తది, పట్టుకో!" అని రామస్వామి అరిచాడు. రెండు చేతులా పట్టుకుంది. గుంత వచ్చింది, పోయింది, అద్దం పరుపు మీద ఇంత ఎగిరి మళ్ళీ సర్దుకుంది.

బిడ్డ పేరు సింధు. ఇంటీరియర్ డిజైన్ చదువుతోంది, మాట తక్కువ, చెవుల్లో వైర్లెక్కువ. కానీ మర్యాదకు లోటు లేదు, ఆ మర్యాదే సుమలతను చంపుతుంది. ఆంటీ, నీళ్ళొచ్చినయ్. ఆంటీ, నేను బయటికి పోతున్న. వంట చేసి పెడితే పళ్ళెంలో వడ్డించుకుంటుంది, కూర బాగుందని కూడా చెబుతుంది, పళ్ళెం పట్టుకొని తన గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంటుంది. గట్టిగా వెయ్యదు, గడియ పెట్టదు, మెల్లగా దగ్గరకు వేసుకుంటుంది. బాలరాజ్ టీవీ ముందు తింటాడు. సుమలత వంటింట్లో గట్టుకు ఆనుకొని నిలబడి తింటుంది. మూడు పళ్ళేలు, మూడు గదులు, ఒక ఇల్లు. ఏడిస్తే ఓదార్చవచ్చు, తిడితే పడవచ్చు, అలిగితే బతిమాలవచ్చు, దగ్గరకు వేసిన తలుపును ఏం చేస్తాం? అమ్మా అని పిలవాలని ఆమెకేం ఆశ లేదు, దేవుడి సాక్షిగా లేదు. గోడ మీద దండ వేసిన ఫొటోలో పిల్లను కన్నతల్లి సుమిత్ర ఉంది, నవ్వీ నవ్వనట్టు చూస్తూ. ప్రతి శుక్రవారం ఆ ఫొటో తుడిచేది సుమలతే. తుడుస్తూ, నీ జాగ నీదేనమ్మా, నాకు అన్నం కాడ ఇంత జాగ ఇప్పియ్యి చాలు, అని లోపల్లోపలే మొక్కుకునేది కూడా. కావలసింది అంతే. పిల్ల ఒక పూటైనా తలుపుకు ఇవతల కూర్చొని తింటే చాలు. ఈ కోరికను ఎవరికైనా చెబితే నవ్వుతారు, ఇదీ ఒక కోరికేనా అంటారు.

కాలేజీలో ఎవరికి వాళ్ళు సొంతంగా ఒక వస్తువు తయారు చేయాలన్నారట. సింధు టేబుల్ గీసుకొచ్చింది. నాలుగు కాళ్ళ టేబుల్ అయితే బాలరాజ్ కళ్ళు మూసుకొని చేస్తాడు, ఇది అలాంటిది కాదు. నడుమ ఒకటే పెద్ద కాడ, మూడు ఇనుప ఊచలు ఒకదాని మీదుగా ఒకటి మెలికలు పడుతూ, పైకి వచ్చాక మూడు దిక్కులా విడిపోయి పైన గ్లాసును మోసేట్టు, కిందికి పోయాక పట్టీలుగా మడతపడి నేల మీద పువ్వులా పరుచుకునేట్టు గీసింది. ఇదేంది బిడ్డా మెలికలు, అన్నాడాయన. చేస్తవా చెయ్యవా డాడీ, అంది పిల్ల. చేశాడు, చెయ్యక చస్తాడా. కొలిమిలో కాల్చి, వంచి, మళ్ళీ కాల్చి, ఎన్ని రాత్రులు చేతులకు బర్నాలు పూసుకొని పడుకున్నాడో. మొదట మూడు ఊచలూ ఒకే లావువి తెచ్చాడు. కాదు, ఒకటి లావుండాలె, అని సింధు పట్టుబట్టింది. ఒకటి లావుగ ఉంటే వంకరగ కనవడ్తది బిడ్డా, అంటే, అట్లనే కనవడాలె, అంది, చెప్పేసి తలుపు దగ్గరకు వేసుకుంది. పని పూర్తయి హాల్లో తెచ్చి నిలబెట్టిన రోజు ఆయనకు అవి మెలికలే, పక్కింటి అండాలమ్మకు అది ఏదో తీగ, ఫోనులో ఫొటో చూసిన కాలేజీ సార్‌కు మంచి ఫారమ్, అంటే ఆకారం, అట. సుమలత చీపురు చేతిలో పట్టుకొని దాని మీదుగా వంగి పైనుంచి కిందికి చూసింది.

అది జడ. మూడు పాయల జడ. మెడ మీద పాయలు తీసి, అల్లుకుంటూ పోయి, కొస మడిచి రిబ్బను కట్టిన బడిపిల్ల జడ. నిలబడి పక్క నుంచి చూసేవాళ్ళకు అది తీగే, పైనుంచి చూస్తేనే జడ. జడను పైనుంచి చూసేది ఎవరు, అల్లేవాళ్ళే కదా. సుమలతకు ఇంక వేరే చెప్పాలా. చౌటుప్పల్ అవతల వాళ్ళ ఊళ్ళో పొద్దున పూట వాకిట్లో అక్కచెల్లెళ్ళు ఐదుగురూ రైలుబండిలాగా కూర్చునేవాళ్ళు, ముందున్న దాని తల వెనకున్నది దువ్వుతుంది, దాని తల దాని వెనకది. అందరికంటే వెనక పెద్దది సుమలత, ఆమె తల దువ్వేవాళ్ళు లేరు, భుజం మీదుగా ముందుకు లాక్కొని తనది తానే అల్లుకునేది. నూనె వాసన, బడి గంట, చెల్లెలి గోల, అక్కా గుంజకే, అక్కా నొస్తున్నది, తొందరలో పాయలు ఎప్పుడూ సమంగా రావు, ఒకటి లావొస్తుంది, రెండు సన్నమొస్తాయి. ఆ లావు ఊచ ఏమిటో ఆ క్షణాన తెలిసిపోయింది. సుమిత్ర చేతులు తెలిసిపోయాయి. వంటా చేసి, డబ్బాలూ కట్టి, ఆటో హారన్ వినబడుతుంటే గబగబా పాయలు తీసిన చేతులు. చీపురు పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఎవరికీ చెప్పలేదు, బాలరాజ్‌కూ చెప్పలేదు. పిల్ల చెప్పనిది తను చెప్పడమేమిటి, అది తల్లీ బిడ్డల మధ్య మాట, అందులోకి పోవడమంటే చెప్పులతో దేవుడి గదిలోకి పోయినట్టే. కానీ దాని మీద గ్లాసు పెడితే ఆ జడ ఎలా కనిపిస్తుందో, అన్నం తింటూ తల వంచితే చాలు ఎలా కనిపిస్తుందో ఆలోచించుకొని, గ్లాసు నేను తెస్త, అని అనేసింది. బాలరాజ్ సంబరపడి, ఇగ టేబుల్ వచ్చినంక అందరం దీని మీదనే తినాలె, అన్నాడు. సింధు ఔననలేదు, కాదనలేదు. ఆ కాదనకపోవడాన్ని సుమలత అప్పటి నుంచీ ప్రసాదంలా దాచుకొని తిరుగుతోంది.

చైతన్యపురి దగ్గర బండి ఆగింది, అన్నీ ఆగాయి. రామస్వామికి ఊరుకోవడం చేతకాదు, తల వెనక్కి తిప్పి కబుర్లు మొదలుపెట్టాడు. ఆయన పెద్ద అంబర్‌పేట్ మనిషి, ఈ బండి నిండా గడ్డిఅన్నారం మార్కెట్టుకు బత్తాయిలూ మామిడిపండ్లూ మోసినవాడు. మార్కెట్టు ఊరి బయటికి పోయాక దొరికిందల్లా మోస్తున్నాడు, బీరువాలు, ఫ్రిజ్జులు, ఓ పెళ్ళివాళ్ళ బాండుమేళం కూడా. "పండు మంచిదమ్మా," అన్నాడు. "దెబ్బ తాకితే రెండు దినాలకు తెలుస్తది, అందాక అమ్ముకోవచ్చు. గీ గ్లాసున్నదే, తాకినప్పుడే చెప్తది." సుమలత నవ్వింది. మా ఇంట్లో పిల్ల పండు రకం తాతా, ఎప్పుడు ఎక్కడ దెబ్బ తగిలిందో రెండేళ్ళకు గానీ తెలియదు, అనుకుంది, అనుకొని నవ్వు ఆపింది.

నవ్వు అనుకోగానే ఆ గ్లాసుల దుకాణం గుర్తొచ్చింది. పని అప్పజెప్పడానికి వెళ్ళిన రోజు భలే నవ్వించింది వాళ్ళను. గుండ్రటి అద్దం కావాలన్నది, కొలత రాసిన చీటీ ఇచ్చింది. కౌంటరు మీది మనిషి చీటీ చూసి, గ్లాసా, అద్దమా, అన్నాడు. అదేం ప్రశ్న? ఊళ్ళో కిటికీకి ఉండేదీ అద్దమే, తాత కళ్ళకు పెట్టుకునేవీ అద్దాలే, బస్సుకు ముందుండేదీ అద్దమే. గ్లాసంటే నీళ్ళు తాగేది. పాత మ్యాచింగ్ సెంటరు నోరు ఊరుకుంటుందా? "అద్దమే అన్నా. గ్లాసేం చేసుకుంట, నీళ్ళు తాగనీకా?" అంది. దుకాణమంతా నవ్వింది, వెనక గ్లాసు కోస్తున్నవాళ్ళు కూడా పని ఆపి నవ్వారు. ఫ్రేమ్ పెట్టాల్నా అమ్మా, అన్నాడు. ఒద్దు, ఫ్రేమ్ ఇంట్ల ఉన్నది, మా ఆయన సొంతంగ చేసిండు, అని ఎంత గర్వంగా చెప్పిందో. ఇవాళ వెళ్ళేసరికి ప్యాక్ చేసి తయారుగా పెట్టారు, జాగ్రత్తమ్మా, ముట్టుకుంటే పలుగుతది, అంటూ నలుగురూ పట్టి ఎక్కించారు. ఎంత మంచి మనుషులు.

పచ్చ సిగ్నలు పడింది, బండ్లన్నీ ఒక్కసారి ముందుకు దూకాయి, పక్క నుంచి బస్సు దూసుకుపోయింది. బస్సు గాలికి పేపరు ఒక చోట లేచింది. టేపు ఊడి, సినిమా ప్రకటన సగానికి చిరిగి, అక్కడొక అరచెయ్యంత జాగా బయటపడింది. అందులో ఆకాశముంది. సుమలత వంగి చూసింది. ఆకాశమే, పక్కన మెట్రో వంతెన అంచు, తలకిందులుగా పరిగెడుతోంది, ఒక పావురం, ఒక ఫ్లెక్సీ ముక్క, మళ్ళీ వంతెన. గ్లాసులో కూడా నీడ పడుతుందిలే, అనుకుంది. పరుపు కనబడాలి కదా, అనుకుంది. పరుపు మీది నీలం గీతలు కనబడాలి కదా. పేపరు ఇంకాస్త పీకింది. గీతలు లేవు. తన ముఖముంది, కింద నుంచి చూస్తున్నట్టు గడ్డం ముందుకొచ్చి, చెవి పక్కన తెల్లవెంట్రుక ఒకటి, నోరు తెరుచుకొని, వెనక నుంచి మెట్రో రైలు నెత్తిలోంచి దూరిపోతున్నట్టు.

గ్లాసా, అద్దమా.

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా. అద్దమే అన్నా, అని ఎంత ధీమాగా చెప్పింది. పాపం ఆయన అడిగాడు, ఫ్రేమ్ కూడా అడిగాడు, గోడకు తగిలించుకునే అద్దమనుకున్నాడు, ఎవరైనా అదే అనుకుంటారు. ఇప్పుడు ఇది పోయి ఆ మూడు పాయల మీద కూర్చుంటుంది. వెనకంతా రంగు పూసి ఉంటుంది, కిందిది ఏమీ కనబడదు. తల వంచితే జడ కనబడదు, తినేవాళ్ళ ముఖాలు కనబడతాయి, అన్నం మెతుకులు కనబడతాయి, పైన తిరిగే ఫ్యాను కనబడుతుంది. పిల్ల ఏమనుకుంటుంది? పొరపాటనుకుంటుందా? పొరపాటని ఎవరనుకుంటారు? ఇంటి నిండా ఒక మనిషి జ్ఞాపకం ఉంటే, రెండో పెళ్ళాం వచ్చి దాని మీద అద్దం కప్పి, అందులో తన ముఖం చూసుకుందనుకోదా. నోటితో అనదు. ఆంటీ, పర్వాలేదు, అంటుంది. తలుపు దగ్గరకు వేసుకుంటుంది. ఈసారి గడియ కూడా పడుతుంది, చప్పుడు కాకుండా పడుతుంది. సుమలతకు కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి, ఏడుస్తున్నానని ఆమెకు తెలియలేదు, అద్దంలో చూసి తెలుసుకుంది. అంత దుఃఖంలోనూ, చూడు, కనీసం ఏడుపు చూసుకోవడానికైనా పనికొచ్చింది ముండమోపి అద్దం, అని నోరు అనేసింది. ఆ నోటికి సిగ్గు లేదు.

"తాతా, బండి పక్కకు ఆపు," అంది. కొత్తపేట దాటాక, విక్టోరియా మెమోరియల్ స్టేషను కింద, ఒక పిల్లరు పక్కన రామస్వామి బండి ఆపాడు. దిగి వచ్చి చూశాడు, చిరిగిన పేపరులోంచి తన ముఖం చూసుకున్నాడు, మీసం దువ్వుకున్నాడు. సంగతి విన్నాక మాత్రం నెత్తి గోక్కున్నాడు. దుకాణానికి ఫోను చేసింది. "నువ్వే కదమ్మా అద్దమే అన్నవ్, మేం ఇయ్యాల్టికి గూడ నవ్వుకుంటున్నం," అన్నాడు కౌంటరు మనిషి. మళ్ళీ ఆయనే, గొంతు విని కాబోలు, "పరేషాన్ గాకు. ఎనక్కి తీస్కరా, సాయంత్రం లోపట గ్లాసు కోసిస్తం," అన్నాడు. పలగకుండా తెమ్మన్నాడు. అంతే, అయిపోయింది. బండి వెనక్కి తిప్పితే చాలు, ఎవరికీ తెలియదు. బాలరాజ్‌కు తెలియదు, పిల్లకు అసలే తెలియదు, ఆలస్యమెందుకైందంటే ట్రాఫిక్, ఈ ఊళ్ళో ఆ మాటకు ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు లేరు. దేవుడా, బతికించావు, అనుకుంటుండగా ఫోను మోగింది. సింధు.

ఆ నంబరు నుంచి ఇంతవరకు మెసేజీలే వచ్చేవి, గ్యాస్ వచ్చింది, డాడీ లేట్, కరెంట్ పోయింది. ఫోను మోగడం ఇదే మొదలు. మోగుతున్న ఫోనును చేతిలో పట్టుకొని కాసేపు చూసింది.

"ఆంటీ, ఎక్కడి దాకా ఒచ్చిన్రు? లైట్ పోతే ఫొటో మంచిగ రాదు."

ట్రాఫిక్ అనాలి. నాలుక మీదే ఉంది. కానీ ఆ గొంతులో ఏదో ఉంది, ఎదురుచూస్తున్న గొంతు, గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. తనకోసం ఆ ఇంట్లో ఎవరైనా గుమ్మంలో నిలబడి చూసిందెప్పుడు. ఎదురుచూస్తున్న పిల్లతో అబద్ధం చెప్పడానికి సుమలతకు నోరు రాలేదు, అంత నోరున్న మనిషికి.

"సింధూ, నేనొక పని పాడు జేసిన. గ్లాసు అనాల్సింది అద్దం అన్న. వాళ్ళు ముఖం జూసుకునే అద్దం కోసి ఇచ్చిన్రు. ఇది పెడితే నీ జడ కనవడదు బిడ్డా. మన ముఖాలే కనవడ్తయ్ గని, జడ కనవడదు."

అప్పుడు తెలిసింది ఏమన్నదో. పెదవి కొరుక్కుంది, మాట బయటపడ్డాక కొరుక్కుంటే ఏం లాభం.

"ఏంది కనవడదు?"

"జడ."

"జడ అని మీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పాలె? నేనెంత మంది తలలు దువ్విన. ఒక పాయ లావు, రెండు పాయలు సన్నం... పొద్దున ఆటో ఒచ్చి హారన్ కొడ్తుంటే, ఉర్కులాటల తీసిన పాయలు కాదా అవి?"

ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వచ్చింది మాట.

"ఆడనే ఉండున్రి. ఒస్తున్న."

ఒస్తున్న. ఎందుకొస్తోంది? కోపంతోనా? కోపమైతే ఫోనులోనే అనొచ్చు కదా, ఇంటి నుంచి ఇక్కడిదాకా వచ్చి అనాలా? అననీ, వచ్చి అననీ, నాలుగు మాటలు అంటే బాగుండును, అన్న మాటలకైనా దగ్గరగా వస్తారు మనుషులు. నీకెందుకు మా అమ్మ ముచ్చట, అంటుంది. అంటే ఏం చెప్పాలి? నిజమే, నాకెందుకు. నేను పైనుంచి చూశాను, కనబడింది, కనబడ్డదాన్ని కనబడలేదనుకోవడం చేతకాలేదు. ఇన్నాళ్ళూ మూసిన నోరు ఇవాళే ఎందుకు తెరుచుకుంది, ఇంత ముఖ్యమైన రోజున. రామస్వామి చాయ్ తాగుతావా అమ్మా అన్నాడు, వద్దంది. పైన స్టేషనులోకి రైలు వచ్చింది, పిల్లరు వణికింది, అద్దంలో ఆకాశం సన్నగా వణికింది. స్టేషను మెట్ల మీద నుంచి కాలేజీ పిల్లలు దిగుతున్నారు, జడలున్నవాళ్ళు తక్కువ, జుట్టు విరబోసుకున్నవాళ్ళే ఎక్కువ. సింధు కూడా అంతే, మెడ దాకా కత్తిరించుకుంది. అమ్మ పోయిన నెలకే కత్తిరించుకుందని బాలరాజ్ ఎప్పుడో చెప్పాడు, ఫ్యాషనేమో అనుకున్న, అన్నాడు. ఫ్యాషనేమిటయ్యా, పిచ్చి మనిషీ, అల్లేవాళ్ళు లేని జడను పిల్ల ఏం చేసుకుంటుంది.

స్కూటీ వచ్చి బండి వెనక ఆగింది. సింధు హెల్మెట్ తీసింది, జుట్టంతా అణిగిపోయి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పిల్ల స్కూటీ కొక్కేనికి వేలాడుతున్న సంచీ తీసుకొని, రామస్వామి చెయ్యి అందిస్తానన్నా వినకుండా, ట్రాలీ మీదకు ఎక్కింది. పరుపుకు అటువైపు మఠం వేసుకొని కూర్చుంది. అద్దం మీది పేపరు మొత్తం తీసేసింది. వంగి చూసింది. అద్దంలో సింధు ముఖం, దాని వెనక వంతెన, దాని మీద తలకిందులుగా నిలబడ్డ రైలు. చాలాసేపు చూసుకుంది పిల్ల, ముక్కు తుడుచుకుంది.

"తిన్నరా?" అంది.

"లే. ఇంటికొచ్చి తిందామని..."

"నేను గూడ తినలే. డాడీ తిని పోయిండు. మీరు మూతలు పెట్టి పోయిన్రు గదా, అట్లనే ఉన్నయ్. తెచ్చిన."

సంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. చిరిగిన పేపరులో ఒక ముక్కను సాపు చేసి అద్దం నడుమ పరిచింది, దాని మీద డబ్బా పెట్టి మూత తీసింది. అన్నం, చింతచిగురు పప్పు, పక్కన మామిడికాయ తొక్కు. ఒకటే డబ్బా, చెంచా మర్చిపోయింది. సగం అన్నం మూతలోకి తీసుకొని డబ్బాను సుమలత వైపు జరిపింది. చేతుల మీద బాటిల్లో నీళ్ళు తనే పోసింది. సుమలత ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది, మింగుడు పడడానికి కొంచెం టైము పట్టింది. పప్పులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"అమ్మ ఎప్పుడు ఎడమ దిక్కు పాయ లావు తీసేది," అంది సింధు, మూతలోకి చూస్తూ. "రోజు తిట్టేదాన్ని. బడిల అందరు వంకర జడ అంటున్నరని."

"తిట్టాలె మరి. బడికి పొయ్యే పిల్లకు జడ కన్న పెద్ద ముచ్చట ఏముంటది."

సింధు నోట్లో ముద్దతోనే నవ్వింది, నవ్వు దగ్గుగా మారింది, సుమలత చెయ్యి ఆలోచించకుండానే లేచి ఆ నడినెత్తి మీద తట్టింది. పిల్ల తల పక్కకు తీసుకోలేదు. నీళ్ళు తాగి, కాసేపాగి, "డాడీకి చెప్పకున్రి, జడ అని. మెలికలనే అనుకోని," అంది. చెప్పనంది సుమలత. పక్క నుంచి బస్సులు పోతూనే ఉన్నాయి, బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు, రోడ్డు పక్కన ఆగిన బండి మీద అద్దం పరుచుకొని అన్నం తింటున్న ఇద్దరాడవాళ్ళను చూసి ఏమనుకుంటున్నారో.

రామస్వామి చాయ్ తాగి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు. "మరి ఎటు పోదామమ్మా? ఎనక్కి దిల్‌సుఖ్‌నగరా, ఇంటికి ఎల్బీనగరా?"

సింధు తన మూతలోంచి సుమలత డబ్బాలోకి ఇంత పప్పు వేస్తూ అంది:

"జర ఆగు తాతా. మేం తింటున్నం."